లేని వంతెనకు రేడు

పోయినవారం ఆమె మెట్ల మీద ఆగిపోయింది. మనమూ ఆమెను అక్కడే వదిలేసి వచ్చాం. మూడో అంతస్తు ఇంకా అరవరస మెట్ల దూరంలో ఉంది. లిఫ్టు తలుపు మీద "రిపేరు" అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. ఆ అట్టముక్కకే రిపేరు అవసరమన్నంతగా అది పాతబడిపోయింది. ఆమె చంకలో ఫైలు, ఫైల్లో పటం తాలూకు చివరి ప్రూఫు, ప్రూఫు అడుగున ఖాళీ గీత. ఆ గీత మీద పటాల మాస్టారి సంతకం పడాలి. పన్నెండింటికి ప్రెస్సులో ప్లేట్లు మిషనెక్కుతాయి. సంతకం లేకపోతే ఎక్కవు. ఇప్పుడు పదిన్నర.

ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తలుపు కిందనుంచి ఒక చీటీ బయటికొచ్చింది: "నూట నలభై ఒకటో పేరు దిద్దండి. అప్పుడు చూద్దాం."

నూట నలభై ఒకటో పేరు వంతెన రేడు. గొడవంతా ఆ పేరు గురించే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక్క మాట. ఇది పేకాట కాదు, చదరంగం కాదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు గొంతుతోనే ఒక్కో మనిషి వేషం కడతారు. కత్తి తగిలిందా, తలుపు తెరుచుకుందా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ మనుషులు తిరగడానికి ఒక లోకం కావాలి కదా, దాన్ని పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు: మడతల పటం, దేశాల పుస్తకం, రాజుల వరస, దేవుళ్ళ జాబితా. అలాంటి లోకాలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. సముద్రాలు ఎండిపోయిన లోకం ఒకటి. గాలిలో తేలే దీవుల లోకం ఒకటి. ఎటు నడిచినా పొగమంచులోకే దారితీసే లోకం ఒకటి. కొత్త తరాలొచ్చి కొన్నిటిని తిరగరాశాయి, కొన్నిటిని అటకెక్కించాయి. "ఏడు రేవుల లోకం" మాత్రం పెట్టె మూలలు చిరిగినా, పటం మడతలకు టేపు వేసుకుని, ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత ప్రెస్సువాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టుగా మళ్ళీ వేస్తున్నారు.

ఆ ప్రెస్సులో ఆమె ప్రూఫ్‌రీడర్. ఆ పటం గీసింది మాస్టారు.

ఏడు రేవులకు ఎదురుగా ఒక జలసంధి ఉంది. దాని మధ్యలో, పటం మీద, "వంతెన రేడు" అని రెండు మాటలు. దేశాల పుస్తకంలో ఎక్కడా ఆ రాజు ప్రస్తావన లేదు. ఎవరీయన, ఎక్కడుంటాడు అని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అప్పటి ప్రెస్సు యజమాని మూడో అనుబంధంలో నాలుగు వాక్యాలు రాసి ఆ నోళ్ళు మూయించాడు: జలసంధి మీద పెద్ద వంతెన ఉంది, దానికో రాజు ఉన్నాడు, ఆయన ఎవరి పక్షమూ కాదు. అంతే, ఆ రాజు బతికేశాడు. మిగతా రాజులందరూ యుద్ధాల్లో పోయారు గానీ ఆయన పోలేదు.

ఆమె భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. శనివారం బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళుగా ఆయనే వంతెన రేడు. బయట ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. దుకాణంలో ఎవరినైనా కుర్చీ జరపమనలేక తనే అటు తిరిగి వస్తాడు. బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం తీర్పులు చెబుతాడు. వంతెన దాటేవాళ్ళు సుంకంగా ఒక నిజం చెప్పాలన్నది ఆయన పెట్టిన నియమమే. ప్రెస్సుకు రాసి పంపితే ఏడో అనుబంధంలో వేశారు. ఇవాళ ఎక్కడెక్కడి బల్లల దగ్గరో అదే నియమం నడుస్తోంది.

ఆమె రోజూ ప్రార్థన చేసుకునే మనిషి. "అట్టపెట్టెలోని దేవుళ్ళకు మొక్కే వేషం నాకొద్దు" అని మొదటిరోజే చెప్పేసింది. అందుకని ఆమెకు వంతెన గుమాస్తా వేషం ఇచ్చారు. వచ్చినవాళ్ళు చెప్పే నిజాలు రాసుకోవడమే పని. అప్పట్నుంచీ అదే చేస్తోంది.

ఆమె బెల్లు కొట్టింది.

ఈసారి తలుపు తెరుచుకుంది. మాస్టారి అక్కగారు, ఎనభై దాటిన పెద్దావిడ, గడపలో నిలబడి ఉంది.

"మూడోసారి. ఇంకోసారొస్తే నిన్ను ఇంట్లో మనిషి కింద జమ కట్టేస్తారు, లోపలికి రా."

"ఉన్నారాండీ?"

"ఎక్కడికి పోతాడు. పొద్దున్నుంచీ కోపంగా ఉన్నాడు. నువ్వొస్తావని ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. నేను చెప్పానని మాత్రం అనకు."

లోపల గదిలో కిటికీ పక్కన ఏటవాలు బల్ల. దాని మీద తెల్లటి తువ్వాలు పరిచి ఉంది, ఎవరో పడుకున్నట్టు. పెన్సిళ్ళన్నీ చెక్కి పొడవు వరసలో పేర్చి ఉన్నాయి. సిరా సీసాల్లో సిరా అడుగంటి గడ్డకట్టింది. గోడకు ఒక్క పటమైనా లేదు. చిన్న స్టూలు మీద నీలం కళ్ళజోడు పెట్టె. ఊళ్ళో సగం ఇళ్ళలో తమ దుకాణం పెట్టె ఉంటుందని ఆమెకు తెలుసు, అందుకే రెండోసారి చూడలేదు.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"కూర్చో అమ్మాయ్."

యాభై రెండేళ్ళ మనిషిని అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. ఆమె కూర్చుని ఫైలు తెరిచింది.

"మాస్టారూ, ఒక్క సంతకం."

"ఒక్క మాట. నువ్వు ఒక్క మాట దిద్దు, నేను ఒక్క సంతకం ఇస్తా. బేరం తేలిగ్గానే ఉందిగా."

"ఏ మాటో ఇవాళైనా చెబుతారా? చీటీ మీద దిద్దండి అని రాస్తారు, ఏమని దిద్దాలో రాయరు. ఫోను చేస్తే పెట్టేస్తారు. ప్రెస్సులో చిన్నమేడమ్ నా ప్రాణం తింటోంది. ఇక్కడ మీరేమో మౌనవ్రతం."

"మౌనవ్రతమైతే ఇన్ని తిట్లు తినేవాణ్ణి కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను రాసింది వంతెన రేడు కాదు. వంతెన లేదు."

ఆమెకు వెంటనే బుర్రకెక్కలేదు.

"లేదు," అన్నాడాయన మళ్ళీ. "ఉందా లేదా అంటాం చూడు, ఆ లేదు. జలసంధి మధ్యలో ప్రయాణికుడికి ఒక మాట రాశాను. వంతెన లేదు. మీ ప్రెస్సు దానికి కిరీటం పెట్టింది."

వంటగదిలోంచి పెద్దావిడ నవ్వు వినబడింది. "నాకు ముప్పైయేళ్ళుగా ఇదే కథ. అన్నం పెట్టినా ఇదే, టీ పెట్టినా ఇదే."

"నువ్వు ఊరుకో అక్కా."

ఆమె ప్రూఫులోకి వంగి చూసింది. ఆ రెండు మాటలను ఎన్ని వేలసార్లు చూసి ఉంటుందో. లేదు, రేడు. రెండక్షరాల తేడా. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే చిరాకు కూడా.

"ఇదా మాస్టారూ? దీనికా ఇన్నేళ్ళూ పటం ముట్టుకోలేదు? అచ్చుతప్పు. ప్రెస్సన్నాక పడతాయి. ఆ పేర్లు పేర్చింది మా కంపోజిటర్ గారు. ఆయన చెయ్యి జారి ఉంటుంది. మేమందరం ఆయన్ని రిటైరయ్యేదాకా రేడుగారూ రేడుగారూ అని ఏడిపించాం, ఇంత గొప్ప పేరు తెచ్చిపెట్టారని. ఆయనా నవ్వేవారు. పోయినేడు పోయారు కూడా. పోయినవాళ్ళ మీద ఇంకా కోపమేంటండీ."

"తప్పని తెలిసే ఏడిపించారా?"

"తప్పని కాదు. పుస్తకంలో లేని పేరు పటంలో ఉంది, పేర్చింది ఆయన, అందుకని."

"ఊఁ."

ఆయన లేచాడు. మోకాళ్ళ మీద చేతులు మోపి లేవడానికి చాలాసేపు పట్టింది. బీరువా కింది సొరుగు లాగి, అడుగునుంచి పొడవాటి కాగితం ఒకటి తీసి ఆమె ఒళ్ళో ఉన్న ఫైలు మీద పరిచాడు. గాలీ ప్రూఫు, అచ్చుకు ముందు దిద్దడానికి తీసే నమూనా. పసుపెక్కి, మడతల దగ్గర నలిగిపోయి ఉంది. పటం మీద అతికించాల్సిన పేర్లు వరసగా ఉన్నాయి. నూట ముప్పై ఎనిమిది, కొండ రేడు. నూట ముప్పై తొమ్మిది, గనుల రేడు. నూట నలభై, అడవి రేడు. నూట నలభై ఒకటి, వంతెన లేదు.

కంపోజిటర్ సరిగ్గానే పేర్చాడు.

"లేదు" చుట్టూ ఎర్రపెన్సిల్ సున్నా. అక్కణ్ణుంచి అంచుదాకా గీత. అంచున పెద్దగా, ధీమాగా, "రేడు". కింద రెండు పొడి అక్షరాలు, తేదీ.

ఆ పొడి అక్షరాలు ఆమెవే.

ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఇరవై నాలుగేళ్ళ వయసు. రేడు అంటే రాజు అని అంతకు వారం ముందే నిఘంటువులో చూసి, తెలిసినందుకు మురిసిపోయింది. వరసగా ముగ్గురు రాజులు కనబడ్డాక నాలుగో దగ్గర "లేదు" ఉంటే ఎవరికైనా తప్పులానే కనబడుతుంది. తప్పు పట్టుకున్నానని ఆ పూట మధ్యాహ్నం భోజనం కూడా ఆనందంగా తిన్నది. ఇన్నాళ్ళకు ఆ భోజనం గొంతుకు అడ్డం పడినట్టయింది.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"ఆయనే తెచ్చాడు. మీ రేడుగారు. పటం అచ్చయి బయటికొచ్చాక నేను ప్రెస్సుకొచ్చి నానా రభసా చేశానుగా, ఆ సాయంత్రం ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. ఈ కాగితం నా చేతిలో పెట్టి, ఆ పిల్ల కొత్తది మాస్టారూ, యజమానికి తెలిస్తే తీసేస్తాడు, నా చెయ్యి జారిందనే అనుకోనివ్వండి అన్నాడు."

"నాతో ఒక్క మాట అనలేదు."

"నువ్వు రేడుగారూ అంటే పలికేవాడట కదా."

పెద్దావిడ టీ తెచ్చి స్టూలు మీద పెట్టబోయి, అక్కడున్న నీలం పెట్టెను తీసి బల్ల మీద తువ్వాలు పైన ఉంచింది. "ఏడిపించావా దీన్ని కూడా," అని తమ్ముణ్ణి అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ప్రార్థనలో ఆమె రోజూ అడిగేది ఒకటే: తెలిసి చేసినవీ తెలియక చేసినవీ క్షమించమని. తెలియక చేసినవంటే ఏవో చిన్నచిన్న తప్పులనే అనుకునేది. ఒక మనిషి ఇరవై ఏడేళ్ళు తన బదులు నవ్వులపాలై, తనకు చెప్పకుండా కాటికి పోవడం అందులోకి వస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

"సరే," అంది చివరికి. "తప్పు నాదే. ఇప్పుడేం చేయమంటారు?"

"నీ చేత్తో చేశావు, నీ చేత్తో దిద్దు. రేడు కొట్టేసి లేదు పెట్టు. సంతకం పెడతాను."

ఆమె బ్యాగులోంచి ఎర్రపెన్సిల్ తీసింది. ప్రూఫు మీద ఆ రెండు మాటల దాకా తీసుకెళ్ళింది. పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

"దిద్దితే వాళ్ళంతా ఏమవుతారు మాస్టారూ?"

"ఎవరు?"

"వంతెన దాటినవాళ్ళు. అక్కడ పెళ్ళిళ్ళయ్యాయి, సంధి కుదిరింది. నేనే రాశాను ఆ నిజాలన్నీ, ఎనిమిది నోటుబుక్కులు. అన్నేళ్ళు జనం ఆ వంతెన మీద బతికారండీ."

"బతికారా? ఆడుకున్నారు."

"మీరు గీసినప్పుడు మీరు మాత్రం ఆడుకోలేదా?"

ఆయన మొహం ఎర్రబడింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"లేదమ్మాయ్. నేను ఆడుకోలేదు. నాలుగేళ్ళు గీశాను. ఏడు రేవులు ఎందుకు పెట్టాననుకున్నావు? ఏడు ఊళ్ళ జనమూ పొద్దున లేచి ఎదురు ఒడ్డు చూస్తారు. పొగ కనబడుతుంది, దీపాలు కనబడతాయి. పోలేరు. పడవ నిలవదు, ఈత కుదరదు, వంతెన లేదు. పోలేకపోవడంలోంచే ప్రతి కథా పుట్టాలి. ఆ లోకం నిలబడిందే ఆ లేదు మీద. మీరు దాన్ని లాగేసి, ఒక రాజునీ రోడ్డునీ పెట్టారు. ఎవడు పడితే వాడు దాటేస్తున్నాడు. ఇప్పుడు మళ్ళీ ఉన్నదున్నట్టు వేస్తున్నాం అంటారు. ఏది ఉన్నది?"

ఆయన చెప్పింది నిజమే. ఇంటి దగ్గర బల్ల కూడా నిజమే. చేసినవాడు ఒకటి తలచి చేస్తాడు, అందులో ఉండేవాళ్ళు ఇంకొకటి కట్టుకుంటారు. అప్పుడు చేసినవాడు కోప్పడాలా, కాసేపు కూర్చుని చూడాలా? పై లోకం సంగతి ఆమెకు తెలియదు గానీ, ఇక్కడ కుర్చీలో ఉన్నాయన మాత్రం కోప్పడ్డాడు. ఆ కోపంలో ముసలివాడయ్యాడు.

ఫోను మోగింది. ప్రెస్సు చిన్నమేడమ్. పాత యజమాని కూతురు.

"అక్కా, పదకొండూ ఇరవై. పెట్టాడా?"

"మాట్లాడుతున్నాను."

"మాటలు తరవాత. పన్నెండు దాటితే మిషను వేరే పనికి ఇచ్చేయాలి, మళ్ళీ నాలుగు నెలలు. ఆయనేం అడిగితే అది దిద్దెయ్యి. ఒక్క పేరు పోతే ఎవరు చూస్తారు?"

ఎవరు చూస్తారో ఆమెకు తెలుసు. శనివారం సాయంత్రం బల్ల తలవైపు కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, వారం మొత్తం మీద ఆ రెండు గంటలే తలెత్తి మాట్లాడే మనిషి చూస్తాడు. చూసి ఏమీ అనడు. అదే భరించలేనిది.

ఆమె ఫోను పెట్టేసి పెన్సిలు కూడా పెట్టేసింది.

"మీరొకవైపు, ఆవిడొకవైపు. ఇద్దరికీ అక్షరం కావాలి, మనిషి ఎవరికీ అక్కర్లేదు," అంది. కన్నీళ్ళు రాకుండా విసుగే అడ్డుపడింది. "వంతెన లేదు అనే వేద్దామండీ. మీ పటం, మీ మాట. కానీ ఆయన్నెందుకు చంపడం? వంతెన లేకపోతే లేదు, రాజునుండనివ్వండి. ఒడ్డున కూర్చుంటాడు. లేని వంతెనకు రేడు. వచ్చినవాళ్ళు నిజం చెబుతారు, దాటలేకపోయినా చెబుతారు. ఏం, కూడదా?"

మాస్టారు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఈ మాట నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే నోటికొచ్చింది."

"పోయిన ఆదివారం నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఒకాయన ఈ మాటే అన్నాడు. లేని వంతెనకు రేడు. ఇవే అక్షరాలు."

"ఎవరు?"

ఆయన జవాబు చెప్పకుండా ఏటవాలు బల్ల దగ్గరికి వెళ్ళాడు. నీలం పెట్టె పక్కకు తీసి, తువ్వాలు మడిచి, పెట్టెను మళ్ళీ అదే చోట ఉంచాడు. కింద పటం ఉంది. ఆమె ఎప్పుడూ చూడని పటం. ఏడు రేవులు ఎడమ అంచున సన్నగా, మిగతాదంతా అవతలి ఒడ్డు: కొండలు, పొగ లేచే ఊళ్ళు, పేర్లు పెట్టని నదులు. అచ్చుకు ఇవ్వకుండా దాచుకున్న సగం. జలసంధి నిండా తేనెపట్టులా గడులు. ఇవతలి ఒడ్డునుంచి అవతలికి, ఒక్కో గడిలో ఒక్కో కమాను చొప్పున, పెన్సిలుతో వంతెన కట్టి ఉంది. ప్రతి కమాను కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం, ఒక అంకె.

"జలసంధి వెడల్పు నలభై గడులు," అన్నాడు మాస్టారు. "నెలకోసారి వస్తాడు, నా కళ్ళజోడు బిగించే వంకతో. మూడేళ్ళకు పైనే అయింది, మొదటిసారి వచ్చినప్పుడే వంతెన కట్టనివ్వమన్నాడు. నీ నియమమే నీకు పెడతానన్నాను. ఒక నిజం చెబితే ఒక గడి. తిక్క కుదిరి పారిపోతాడనుకున్నా. పోలేదు."

ఆమె దగ్గరికి వెళ్ళింది. కమానుల కింది అంకెల్లో ఏడు నడుం మీద అడ్డగీత. పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లో ప్రతి చీటీ మీదా, ప్రతి కళ్ళజోడు కవరు మీదా చూస్తున్న, తన భర్త చేతి ఏడు.

మొదటి కమాను: "నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదు. అందుకే రాజునయ్యాను."

పద్నాలుగు: "రాజు అచ్చుతప్పని పెళ్ళికి ముందే తెలుసు."

పదిహేను: "ఎవరి పెన్సిలో కూడా తెలుసు. కంపోజిటర్ కళ్ళజోడుకు వచ్చినప్పుడు చెప్పాడు."

ఆమె వేలు ఒక్కో కమానే దాటుకుంటూ వెళ్ళింది. ముప్పై తొమ్మిది దగ్గర పెన్సిలు రాత ఇంకా కొత్తగా, నల్లగా మెరుస్తోంది: "మా ఆవిడకు ఇంతవరకూ చెప్పనిది," అని మొదలైంది. మిగతా వాక్యం నీలం పెట్టె కింద ఉంది. ఆ పక్కన నలభయ్యో గడి ఖాళీ.

"అది కూడా కట్టమన్నాను. తనది కాదన్నాడు. నీదట," అన్నాడు మాస్టారు. "అది నిండితే నా పటం మీద వంతెన ఉన్నట్టే. ఉన్న వంతెనకు రాజును ఉండనిస్తాను. సంతకం పెడతాను."

"నా నిజం ఇప్పుడే చెప్పేశానుగా. ఆ గాలీ..."

"అది నేను చెప్పాను. నువ్వు చెప్పలేదు."

గోడ గడియారంలో పావు తక్కువ పన్నెండు. లేచినప్పుడు ఒళ్ళోంచి జారిన ఎర్రపెన్సిలును, టీ కప్పు కోసం వచ్చిన పెద్దావిడ నేలమీదనుంచి తీసి, ఏమీ అడగకుండా ఆమె చేతిలో పెట్టింది. బ్యాగులో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఆమె పెన్సిలు కుడిచేతికి మార్చుకుని, ఎడమచేత్తో నీలం పెట్టెను పటం మీదనుంచి ఎత్తింది.